మన్రో దొర పేరు వెనుక దత్త మండలాల శిస్తు కథ

చెన్నై మౌంట్ రోడ్డు మీద జీనూ రికాబులూ లేని గుర్రంపై కూర్చున్న సర్ థామస్ మన్రో విగ్రహం గురించి వాదన రేగిన ప్రతిసారీ రాయలసీమ ప్రస్తావన వస్తుంది. మేజర్ జనరల్ హోదాలో, మద్రాసు గవర్నరుగా కన్నుమూసిన ఈ అధికారిని ఒక వర్గం రైతుల పాలిటి దేవుడంటే, మరొక వర్గం పాలెగాళ్లను (సొంత బలగాలున్న స్థానిక పాలకులను) నిర్మూలించిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అంటుంది. ఆయన గ్లాస్గోలో పుట్టడం, 1780లో మద్రాసు చేరడం, మైసూరు యుద్ధాల్లో పాల్గొనడం తెలిసినవే. నేటి తగవుకు మూలం మాత్రం 1800కూ 1820కూ మధ్య శిస్తు విషయంలో జరిగినదానిలో ఉంది.

1800లో నిజాం కంపెనీకి ధారాదత్తం చేసిన దత్త మండలాలకు (ప్రధానంగా నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాలు) ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో అనంతపురం చేరేనాటికి అక్కడ దాదాపు 80 మంది పాలెగాళ్లు ఉండేవారు. వారు కంపెనీకి కప్పంగా చెల్లించాల్సిన పేష్కష్‌ను ఆయన భారీ స్థాయిలో నిర్ణయించాడు. కట్టలేనివారిని, ఎదురు తిరిగినవారిని సైన్యంతో అణచి పాలేలను (వారి ఏలుబడిలోని ప్రాంతాలను) స్వాధీనం చేసుకున్నాడు. ఈ కాఠిన్యాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారన్న సంగతిని ఆయన అభిమానులు అరుదుగా గుర్తు చేస్తారు. పాలెగాళ్లే కాదు, సాధారణ గ్రామస్థులూ తిరగబడ్డారు. 1801లో ఆదోని ప్రాంతంలోని తెర్నేకల్లు ప్రజలు శిస్తు వసూలుకు వచ్చిన సర్కారు ఉద్యోగులను చంపడంతో, కంపెనీ సేనలు ఆ ఊరి కోటను ముట్టడించి పట్టుకున్నాయి, నాయకులను ఉరితీశాయి. మన్రో ఉన్న ఏడేళ్లలో ఆ మండలాల శిస్తు రాబడి ఇంచుమించు ఒకటిన్నర రెట్లయింది. కరవుసీమలో ఆ పెరుగుదల ఎవరి గాదెల నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు.

అసలు మలుపు 1807లో వచ్చింది. స్వదేశానికి వెళ్లబోతూ మన్రో పంపిన నివేదికలో, రైతుతో నేరుగా ఒప్పందం చేసుకునే రైతువారీ పద్ధతిని శాశ్వతం చేయాలనీ, పంటలో సగానికి చేరువగా ఉన్న సర్కారు వాటాను మూడో వంతుకు దించాలనీ, అందుకోసం సర్వే శిస్తులో 25 శాతం తగ్గించాలనీ సిఫారసు చేశాడు. తాను వేసిన శిస్తు భారమైనదని ఆయనే ఒప్పుకున్నట్లు దీన్ని చదవవచ్చు. మద్రాసు ప్రభుత్వం తగ్గింపును పక్కనపెట్టి, ఊళ్ల శిస్తు వసూలును మొదట మూడేళ్లకు, తరువాత పదేళ్లకు గుత్తకిచ్చింది. ఆ గుత్తల కాలంలో గుత్తదార్లూ రైతులూ కలిసి చితికిపోయారు. 1820లో గవర్నరుగా తిరిగి వచ్చిన మన్రో, పదమూడేళ్ల కింద తాను కోరిన తగ్గింపును తానే మంజూరు చేశాడు: మెట్ట, మాగాణి భూములకు నాలుగో వంతు, తోట భూములకు మూడో వంతు.

సీమలో మన్రో పేరు మీద ఉన్న భక్తికి కారణం కలెక్టరుగా ఆయన చేసిన వసూళ్లు కాదు, గుత్తల పీడ తరువాత అందిన ఈ ఊరట అని నా అభిప్రాయం. 1827 జూలైలో పత్తికొండ వద్ద కలరాతో ఆయన మరణించాక ఆ భక్తి మరింత పెరిగింది. మంత్రాలయంలో మఠం ఇనాము (శిస్తు మినహాయింపు ఉన్న భూమి) విచారణకు వెళ్లిన ఆయనతో రాఘవేంద్రస్వామి బృందావనం నుంచి మాట్లాడాడన్న కథ, కడప జిల్లా గండి క్షేత్రం వద్ద ఆయనకు బంగారు తోరణం కనిపించిందన్న నమ్మకం, తిరుమలలో మన్రో గంగాళం పేరిట జరిగే నైవేద్యం, పిల్లలకు పెట్టుకున్న మన్రోలప్ప అనే పేరు ఇందుకు ఆనవాళ్లు. ఇవన్నీ ప్రజల జ్ఞాపకాలు. వీటిని పాలనకు యోగ్యతాపత్రాలుగా చూపడం సరికాదు.

విగ్రహాన్ని సమర్థించేవారు 1822లో ఆయన జరిపించిన దేశీయ పాఠశాలల లెక్కింపును, ఉన్నతోద్యోగాల్లో భారతీయులను నియమించాలన్న 1824 నాటి వాదనను చూపుతారు. వాటి విలువ కాదనలేనిదే. 1857 తిరుగుబాటును క్రూరంగా అణచిన జనరల్ నీల్ విగ్రహాన్ని, ప్రజల ఆందోళన తరువాత, రాజాజీ మంత్రివర్గం 1937లో మ్యూజియానికి తరలించినా మన్రో విగ్రహాన్ని ముట్టుకోలేదు. అయితే పాలేలు కోల్పోయిన కుటుంబాలకు ఆ మినహాయింపు సమాధానం కాదు. పాలెం పోయిన నొస్సం వంశానికి దౌహిత్రుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, నెలకు పదకొండు రూపాయల చిల్లర భరణంతో మిగిలిపోయి, తాత భరణంలో వాటా కూడా దక్కక 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. మరుసటి ఏడాది ఉరితీశాక ఆయన తలను అక్కడి కోట బురుజుకు వేలాడదీశారు.