మిషన్ మోసం చేస్తుందా? పాత ఆర్కేడ్ గేముల అపోహలు - వాస్తవాలు

రిచీ స్ట్రీట్‌లో స్విచ్చులు, ఎస్‌ఎంపీఎస్ (మిషన్‌కి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా) కొనుక్కొచ్చి పాత మిషన్‌ని లేపుదామనుకునే మన చెన్నై తెలుగువాళ్ల కోసం ఇది. ఆటగాళ్ల నమ్మకాలతో మొదలుపెట్టి పెట్టె లోపలికి వెళ్దాం.

అపోహ: ప్యాక్‌మ్యాన్‌లో దెయ్యాలు ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి.

1980 నాటి ఈ నామ్‌కో ఆటలో ఒక్కో దెయ్యానిది ఒక్కో బుద్ధి. ఎర్రది మీరున్న గడికే గురిపెడుతుంది. గులాబీది మీకు నాలుగు గళ్లు ముందుకి. నారింజరంగుది ఎనిమిది గళ్లకంటే దూరంగా ఉంటే వెంటపడుతుంది, దగ్గరికొచ్చిందంటే ఎడమవైపు కింది మూలకి జారుకుంటుంది. గులాబీదాని లెక్కలో ఓ తప్పుంది: మీరు పైకి వెళ్తుంటే అది నాలుగు గళ్లు పైకి, మరో నాలుగు ఎడమకి గురిపెడుతుంది. తెలిసినవాళ్లు దీన్ని బాగా వాడుకుంటారు. మొదటి లెవెల్ మొదట్లో దెయ్యాలు 7 సెకన్లు మూలలకి పోతాయి, ఆ తర్వాత 20 సెకన్లు తరుముతాయి. నీలంగా మారినప్పుడు మాత్రం ఎటు పడితే అటు తిరిగినట్టే కనిపిస్తాయి. కానీ ఆ ర్యాండమ్ వరుస కూడా ప్రతి లెవెల్‌కీ, ప్రాణం పోయిన ప్రతిసారీ మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే దారి బట్టీపట్టినవాడికి తిరుగులేదు. ఇక 256వ లెవెల్లో కుడి సగం పిచ్చిగీతలైతే మిషన్ చెడినట్టు కాదు. లెవెల్ సంఖ్య 8 బిట్లలో (అంటే 255 దాకానే) పట్టక, అడుగున పళ్లబొమ్మలు గీసే కోడ్ గాడి తప్పుతుంది.

అపోహ: జాయ్‌స్టిక్ ఏదైనా ఒకటే, చేతివాటం ఉంటే చాలు.

ప్యాక్‌మ్యాన్‌కి నాలుగు దిక్కుల స్టిక్ కావాలి. ఎనిమిది దిక్కులది పెడితే మూలకి వాలినప్పుడు రెండు స్విచ్చులు ఒకేసారి పడి మలుపు తప్పుతుంది. స్ట్రీట్ ఫైటర్ 2కి సరిగ్గా దీనికి ఎదురు: హడోకెన్ (చేతులతో విసిరే శక్తి బంతి) అంటే కింద, కింద-ముందు, ముందు, పంచ్. మధ్యలో ఆ ఏటవాలు పడకపోతే ఎంత ఆవేశంగా తిప్పినా వట్టి గుద్దే వస్తుంది. టెస్ట్ మెనూలో ఇన్‌పుట్ స్క్రీన్ తెరిచి స్టిక్‌ని మూలకి వాల్చి పట్టుకోండి. రెండు దిక్కులూ వెలగాలి. ఒకటే వెలిగితే మైక్రోస్విచ్ గానీ, దాన్ని నొక్కే ప్లాస్టిక్ ముక్క గానీ అరిగింది.

అపోహ: స్పేస్ ఇన్వేడర్స్ చివర్లో కావాలనే వేగం పెంచుతుంది.

1978లో టైటో తెచ్చిన ఈ ఆటలో 55 శత్రువులు. ప్రాసెసర్ ఫ్రేముకొకదాన్నే కదుపుతుంది. చచ్చేకొద్దీ వరుస చిన్నదై, మిగిలినవాటి వంతు తొందరగా వస్తుంది. అంతే.

అపోహ: బొమ్మ చెదిరినా, ఆట మధ్యలో రీసెట్ అయినా బోర్డు (ఆట చిప్పులుండే సర్క్యూట్ పలక) పోయినట్టే.

ముందు 5 వోల్టులు కొలవండి, అదీ ఎస్‌ఎంపీఎస్ దగ్గర కాదు, బోర్డు అంచు దగ్గర. బోర్డుని పెట్టె వైర్లకి కలిపే జామా (JAMMA) కనెక్టర్‌లో 56 పిన్నులు. 1, 2, ఏ, బీ గ్రౌండ్, 3, 4, సీ, డీ +5. ఆట నడుస్తుండగా 1కీ 3కీ మధ్య 5.0 నుంచి 5.1 దాకా రావాలి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర 5.1, బోర్డు దగ్గర 4.7 ఉంటే దొంగ మధ్యలో ఉన్నాడు: సన్నటి వైరో, మన ఉప్పుగాలికి నల్లబడిన కాంటాక్టో. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అది మానేసి ఎస్‌ఎంపీఎస్ మీద వోల్టేజి సర్దే పాట్ తిప్పి పెంచారో, ఆ చెడ్డ పిన్నే వేడెక్కి కనెక్టర్ మాడుతుంది. 5.25 దాటిస్తే చిప్పులకీ ముప్పే.

అపోహ: ఒరిజినల్ బోర్డు పెట్టెలో దాస్తే చెక్కుచెదరదు.

మనం ముస్తఫా అని పిలిచే 1993 నాటి క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ ఒరిజినల్ బోర్డులోనూ, క్యాప్‌కామ్ కంపెనీ సీపీఎస్-2 రకం బోర్డుల్లోనూ బ్యాటరీ ఉంటుంది. సీపీఎస్-2లో ఆట కోడ్‌ని విప్పే తాళంచెవి దాని బలం మీదే ర్యామ్‌లో నిలుస్తుంది. అది ఖాళీ అయ్యిందంటే పవర్ ఇచ్చినా ఆట లేవదు. ఏటా ఓసారి కొలవండి. 3.6 వోల్టుల ఆ సెల్ 3కి దిగేదాకా ఆగొద్దు.

అపోహ: ప్లగ్ పీకేస్తే మానిటర్ ముట్టుకోవచ్చు.

కూడదు. పెద్ద కలర్ ట్యూబు యానోడ్ (రబ్బరు మూత కింద ఉండే హై వోల్టేజి కొస) దగ్గర 20 వేల వోల్టులకి పైగా ఉంటుంది, పవర్ తీశాక కూడా నిలిచిపోవచ్చు. ప్లగ్ పీకి, ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్‌కి క్లిప్పు వైరు కట్టి, రెండో కొసని ట్యూబు చుట్టూ ఉండే అల్లిక తీగకి తగిలించాలి, చాసిస్ బోర్డుకి (మానిటర్ సర్క్యూట్ పలకకి) కాదు. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, స్క్రూడ్రైవర్ మొనని రబ్బరు మూత కిందికి దూర్చి టప్‌మనేదాకా ఆనించాలి. కాసేపాగి మళ్లీ ఓసారి చెయ్యాలి, ఛార్జి కొంచెం తిరిగొస్తుంది. చేతికి అలవాటు లేనివాళ్లు ఈ ఒక్క పని టీవీ మెకానిక్‌కే వదిలెయ్యండి.