విభజన ప్రదర్శన రూపకల్పన: అపోహలు - వాస్తవాలు

భారత్, పాకిస్తాన్ ప్రజల మధ్య దూరం తగ్గించాలని 1947 విభజన మీద ప్రదర్శన తలపెట్టేవాళ్లు మొదట ఆలోచించేది ప్రొజెక్టర్లు ఎన్ని కావాలి, వీఆర్ హెడ్‌సెట్లు (కళ్లకు తొడుక్కుంటే మరో చోట ఉన్నట్టు చూపించే పరికరాలు) ఎన్ని కొనాలి అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఎవరి కథ పక్కన ఎవరి కథ ఉండాలి? కింది అపోహల్లో చాలావాటికి మూలం ఈ ప్రశ్నను దాటేయడమే.

అపోహ: ఎంత ఘోరం చూపిస్తే జనం అంత కరిగిపోతారు.

వాస్తవం: చాలాసార్లు రగిలిపోతారు. చీకటి గది, రైలు కూత, కేకలు, నేల అదిరేలా సబ్‌వూఫర్ (లోతైన మోత వినిపించే స్పీకర్) పెడితే గుండె దడ పెరిగే మాట నిజమే. కానీ ఆ దడలో మనిషికి గుర్తొచ్చేది తనవాళ్ల చావే. అమృత్‌సర్‌లో చూసేవాడి మనసు లాహోర్ వైపు నుంచి వచ్చిన రైలు దగ్గర ఆగిపోతుంది. లాహోర్‌లో చూసేవాడి మనసు ఇటు నుంచి వెళ్లిన రైలు దగ్గర ఆగిపోతుంది. ఇద్దరూ ఏడుస్తారు, ఇద్దరూ ఎదుటివాడి మీద కోపంతో బయటికొస్తారు.

అందుకే కథలను జంటలుగా అల్లాలి. తూర్పుకు వచ్చిన కుటుంబం ఒకటి, పడమరకు వెళ్లిన కుటుంబం ఒకటి, రెండింటి మధ్యలో ప్రాణాలకు తెగించి పొరుగువాళ్లను దాచిన మనిషి ఒకరు. ఈ మూడో మనిషి లేకపోతే జంట కాస్తా పోటీగా మారుతుంది. నడకదారిలో కనీసం మూడో వంతు 1947కు ముందటి బతుకుకు ఇవ్వండి: వంటిల్లు, బడి, సందులో ఆటలు. పోయిందేమిటో తెలియని వాడికి పోగొట్టుకున్నవాళ్ల బాధ అందదు.

హింస గురించి చెప్పే గది మూడు నాలుగు నిమిషాలు మించకూడదు. శవాల ఫోటోలు వద్దు. గుమ్మం ముందే లోపల ఏముందో రాయాలి, వెళ్లలేనివాళ్లకు పక్కదారి ఉండాలి. ఆ గది తర్వాత వెలుతురున్న చోట బెంచీలు, మంచినీళ్లు పెట్టండి. వెలుతురులోంచి ఒక్కసారిగా ఆ చీకటి గదిలోకి వస్తే కళ్లు అలవాటు పడక జనం తలుపు దగ్గరే గుమిగూడతారు. ఐదారు మీటర్ల వంపు దారి పెట్టి వెలుగు మెల్లగా తగ్గిస్తే ఆ తోపులాట ఉండదు.

అపోహ: వీఆర్ ఉంటే మిగతావి అక్కర్లేదు.

వాస్తవం: వీఆర్‌లో మంచి పని జరిగింది. ప్రాజెక్ట్ దాస్తాన్ అనే బృందం, సరిహద్దు దాటలేని పెద్దవాళ్లకు వాళ్లు వదిలొచ్చిన ఊళ్లను హెడ్‌సెట్‌లో చూపించింది. అది ఒక్కొక్కరికి చేసిన సేవ. వందల మంది వచ్చే ప్రదర్శనకు లెక్క వేరు. చిత్రం 12 నిమిషాలు అనుకోండి. తొడగడానికి, సరిచేయడానికి, తుడవడానికి ఇంకో 8 నిమిషాలు. గంటకు ఒక హెడ్‌సెట్‌కు ముగ్గురే. ఆరు హెడ్‌సెట్లు ఎనిమిది గంటలు ఆగకుండా నడిచినా 144 మంది. బ్యాటరీ రెండు గంటలకు అటూ ఇటూగా అయిపోతుంది కాబట్టి అదనపు సెట్లు కూడా ఉండాలి. ఇక కూర్చున్న మనిషికి తాను పరుగెత్తుతున్నట్టు చూపిస్తే కడుపులో తిప్పుతుంది. కెమెరాను ఒకచోట నిలిపి, కదలికను చుట్టూ ఉన్న మనుషులకు వదిలేయండి.

అదే డబ్బుతో, చెవికి ఆనించుకునే పాత ఫోన్ రిసీవర్ లాంటివి ఇరవై పెట్టొచ్చు. చెవి పక్కన ఒక ముసలాయన గొంతు తడబడుతుంటే కలిగే దగ్గరితనం అంత ఖరీదైనదేం కాదు.

అపోహ: వస్తువు పెద్దదిగా, అరుదుగా ఉంటేనే ఆకట్టుకుంటుంది.

వాస్తవం: అమృత్‌సర్ టౌన్‌హాల్‌లో 2017లో పూర్తిస్థాయిలో మొదలైన పార్టిషన్ మ్యూజియంలో ఒక ఫుల్కారీ (పంజాబీ ఎంబ్రాయిడరీ) కోటు, ఒక తోలు బ్రీఫ్‌కేసు ఉన్నాయి. పెళ్లిమాటలు నడిచిన ఇద్దరు విభజనలో విడిపోయి, మళ్లీ అమృత్‌సర్ శరణార్థి శిబిరంలో కలుసుకున్నారు. ఆ ఇద్దరూ వెంట తెచ్చుకున్నవే ఆ రెండూ. వాటి ముందు నిలబడితే ఎవరికైనా ఇంట్లో బీరువా గుర్తొస్తుంది. అలాంటి బట్ట మీద, కాగితం మీద వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాటకూడదు, లేకపోతే రంగు వెలిసిపోతుంది, మళ్లీ రాదు.

2025 ఏప్రిల్‌లో అమృత్‌సర్ దగ్గర సరిహద్దులోని అటారీ చెక్‌పోస్టు మూసేశాక ఆ దారిన వస్తువులు అటూ ఇటూ తిప్పే మాట మర్చిపోవాల్సిందే. కొలతలతో డ్రాయింగులు, ఫోటోలు, ఆడియో ఫైళ్లు పంపుకుని, ఎవరి ఊళ్లో వాళ్లు కట్టుకోవడమే దారి.

అపోహ: ఒక మ్యాప్, ఒకే స్క్రిప్టు, అనువాదాలు. అయిపోయింది.

వాస్తవం: ఈ మూడూ ఇబ్బంది పెట్టేవే. సర్వే ఆఫ్ ఇండియా పటాలతో సరిపోలని మ్యాప్ ప్రచురిస్తే మన దేశంలో 1961 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం. పాకిస్తాన్ 2020 ఆగస్టులో తన సొంత పటం విడుదల చేసింది. రెండు చోట్లా చెల్లే రాజకీయ పటం లేదు. దాని బదులు ఒక్కో కుటుంబం నడిచిన దారిని స్టేషన్ల పేర్లతో ఒక గీతగా చూపించండి.

మాటలకొస్తే, మనం శరణార్థి అన్నచోట అటు ముహాజిర్ అంటారు. అందులో హిజ్రత్ (మతం కోసం ఊరు విడిచి వెళ్లడం) అనే మతపరమైన అర్థం ఉంది, పాకిస్తాన్‌లోని సింధ్ నేటి రాజకీయాలూ ఉన్నాయి. ఒకదానికి ఒకటి అనువాదం కాదు. రెండూ అలాగే ఉంచి, కింద ఒక వాక్యంలో వివరించండి. ఉర్దూ నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా కిందికి దిగుతుంది కాబట్టి వరసల మధ్య ఎడం దాదాపు రెట్టింపు కావాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కుడి నుంచి ఎడమకు అమరిక పెట్టకపోతే అక్షరాలు విడిపోయి తిరగబడతాయి. ఉర్దూ చదివే మనిషి ప్రూఫ్ చూడకుండా ప్రింటుకు ఇవ్వొద్దు.

అపోహ: విభజన అంటే పంజాబే.

వాస్తవం: బెంగాల్‌లో వలస ఏళ్ల తరబడి సాగింది. హైదరాబాద్ నుంచి కరాచీకి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలూ ఎన్నో, అక్కడ హైదరాబాద్ కాలనీ ఉంది. హైదరాబాద్‌లో ప్రదర్శన పెడితే ఆ కుటుంబాల ఉత్తరాలతోనే మొదలుపెట్టాలి.

అపోహ: మాట్లాడతానన్నారంటే అనుమతి ఇచ్చినట్టే.

వాస్తవం: 1947లో ఏడేళ్ల పిల్లలకు ఇప్పుడు 80 దాటాయి. వాళ్లకు నాలుగు ప్రశ్నలు విడివిడిగా వేయాలి: రికార్డు చేయొచ్చా, మీ దేశంలో వినిపించొచ్చా, అవతలి దేశంలో వినిపించొచ్చా, మీ పేరు, ఊరు చెప్పొచ్చా? మొదటిదానికి సరే అన్నవాళ్లే మూడోదానికి వద్దనొచ్చు, అక్కడ బంధువులు ఉండి ఉంటారు. చెప్పింది వినిపించాక మళ్లీ అడగండి. వద్దంటే ఆ ఫైలు రెండు దేశాల సర్వర్లలోంచీ అదే రోజు తీసేయాలి. ఎవరు తీస్తారో పేరుతో సహా ఒప్పందంలోనే రాసి పెట్టుకోండి.