“మా నాన్నకి గుండె ధైర్యం ఎక్కువండీ” అంటే నాకు కంగారు

పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో మంచం పట్టిన క్యాన్సర్ పేషెంట్ల ఇళ్లకెళ్లి చూసే నర్సుని నేను. గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఎవరో ఒకరు అనేస్తారు, “మా నాన్నకి గుండె ధైర్యం ఎక్కువండీ, ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు” అని. మగాడు మాట్లాడ్డం మానేస్తే ధైర్యం అనుకోవడం... ఈ పనిలో నేను చూసిన అపోహల్లో మనుషుల్ని ఎక్కువ నలిపేసేది ఇదే.

మగవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపులా కనపడదండి. కంచం తోసేస్తారు, మనవడి మీద కసురుకుంటారు, సారా ఎక్కువ చేస్తారు, గోడవైపు తిరిగి పడుకుంటారు. “క్యాన్సరొచ్చినోడికి దిగులుండదా” అని మనం వదిలేస్తాం. ఉంటుంది, కానీ రెండు వారాలు దాటినా దేనిమీదా మనసు పోకుండా, నేను మీకు బరువైపోయాను అంటున్నాడంటే డాక్టరుకి చెప్పి తీరాలి, నాలుగో స్టేజీలో ఉన్నా దీనికి వైద్యం ఉంది.

కొమ్ము బొమ్మలు చెక్కే పెదనాన్న ఒకాయన, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకింది. మూడుసార్లు వెళ్లినా నొప్పి తప్ప ఇంకేం మాట్లాడలేదు. కిటికీలో సగం చెక్కిన కొంగ, మెడ మీద ఆకురాయి గీతలు అలాగే ఉన్నాయి, దుమ్ము పట్టేసింది. కోడలు టీ పెట్టడానికెళ్తే అడిగాను, “రాత్రి మెలకువొస్తే ఏటి తలుస్తారు పెదనాన్నా?”

“ఒల్లంతా ఆవిరి కక్కేస్తంది తల్లీ, సొక్కా తడిసిపోతంది, మా ముసల్దానికి అప్పుడెప్పుడో ఇలాగే వచ్చీవి. నాను మగోణ్ణేనా అనిపిస్తంది.”

అది ఆ క్యాన్సర్‌కి ఆయన వేయించుకుంటున్న ఇంజక్షన్ వల్ల. మగ హార్మోన్ని ఆపేస్తుంది కదా, ఆవిర్లు, నీరసం, కోరిక చచ్చిపోవడం, మనసు కుంగడం అన్నీ రావచ్చు. ఏడాదిగా వేస్తున్నవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు, నాకు ఒళ్లు మండింది. ఆవిర్లకీ దిగులుకీ రెండింటికీ పనికొచ్చే మాత్రలున్నాయి, డాక్టరు రాశారు. దిగులు తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలైనా పడుతుంది, ఐదోరోజే “పనిచెయ్యట్లేదు” అని ఆపేయకండి బాబూ. నెల తర్వాత వెళ్తే కొడుకు చేతికి ఆకురాయి ఇచ్చి “అలా కాదురా ఎదవా, మెడ ఇరిగిపోద్ది” అని తిడుతున్నాడు.

మిగతావి గబగబా చెప్పేస్తా. గట్టి నొప్పికిచ్చే మార్ఫిన్ మందు ఇస్తే తొందరగా పోతారన్నది ఉత్త పుకారు, డాక్టరు చెప్పిన మోతాదులో వేస్తే అలా జరగదు. మలబద్ధకం వస్తుంది, దానికి మొదటిరోజే మందు అడగండి. నొప్పి తగ్గకుండా మనసు ఎలా కుదుటపడుతుంది? ఇక “ఆయనకి జబ్బేంటో తెలీదండీ” అనే కొడుకులు... వైజాగ్‌లో బోర్డు మీద క్యాన్సర్ అని ఇంతలేసి అక్షరాలున్న ఆసుపత్రికి ఆర్నెల్లు తిప్పి!

చచ్చిపోవాలనుందా అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు కాదు, అడగండి. అవునంటే డాక్టరుకి ఫోన్ చెయ్యండి, లేదా మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ముందు అది తీసేయండి, ఆ రాత్రి ఆయన పక్కన ఎవరో ఒకరు పడుకోండి.