ఈగ తిరిగితే దాని కంటికి లోకం తిరగదేం?

నిలువు చారల డ్రమ్ములో ఈగను పెట్టి డ్రమ్మును తిప్పితే, చారలు పోయే వైపే ఈగా తిరుగుతుంది. గాలికి దారి తప్పినప్పుడు సర్దుకోవడానికి పనికొచ్చే ప్రతిచర్య ఇది. చిక్కేమిటంటే, డ్రమ్ము కదలకుండా ఈగే తిరిగినా దాని కంటి ముందు చారలు జరుగుతాయి. అప్పుడూ ఆ ప్రతిచర్య పనిచేస్తే ఈగ ఎటూ తిరగలేదు. కానీ హాయిగా తిరుగుతుంది.

సొంతంగా కదిలేటప్పుడు ఆ ప్రతిచర్య ఆగిపోతుందని ఒక వివరణ ఉండేది. దాన్ని 1950లో జర్మన్ శాస్త్రవేత్తలు ఎరిక్ ఫాన్ హోల్స్ట్, హోర్స్ట్ మిట్టెల్‌స్టేట్ దెబ్బతీశారు. తేనెటీగలా కనిపించే ఎరిస్టాలిస్ ఈగ తలను 180 డిగ్రీలు మెలితిప్పి, కదలకుండా అంటించేశారు. ప్రయోగం మొరటుదే, తర్కం మాత్రం పదునైనది. ప్రతిచర్య నిజంగానే ఆగిపోతుంటే తల ఎలా ఉన్నా నడక మారకూడదు. ఈ ఈగ మాత్రం కదలబోయిందో లేదో గిరగిరా తిరగడం మొదలుపెట్టింది.

వాళ్లు చెప్పిన కారణం ఇది: కాళ్లకు వెళ్లే ఆజ్ఞ నకలు ఒకటి చూపు వైపూ వెళ్తుంది, రాబోయే కదలికను ముందే లెక్కగట్టి తీసివేస్తుంది. తల తిరగబడితే ఆ తీసివేత కాస్తా కూడికవుతుంది. అదే ఏడాది అమెరికాలో రోజర్ స్పెర్రీ చేపల కళ్లను తిప్పి దాదాపు ఇదే నిర్ణయానికొచ్చాడు.

ఆ నకలును నాడీకణంలో పట్టుకోవడానికి దశాబ్దాలు పట్టింది. మిడత తల విసురుగా తిప్పినప్పుడు చూపు కణాల స్పందన అణిగిపోతుందని 1979లో జారెట్‌స్కీ, రోవెల్ చూపించారు. అయితే అది ఆపేయడమా, తీసివేతా?

2015లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో గాబీ మైమన్ బృందం, కట్టేసిన పండ్ల ఈగ రెక్కలాడిస్తుండగానే దాని చూపు కణాల్లో వోల్టేజీ కొలిచింది. స్వేచ్ఛగా ఎగిరేటప్పుడు ఈ ఈగ సెకనులో పదో వంతు లోపే దాదాపు 90 డిగ్రీలు తిరిగేస్తుంది. అలాంటి మలుపుకు ప్రయత్నించిన ప్రతిసారీ, దృశ్యం వల్ల రావాల్సిన వోల్టేజీకి సరిగ్గా వ్యతిరేక దిశలో ఒక సంకేతం వచ్చింది. 2017 నాటికి ఇంకో సంగతి తేలింది. ఏ కణానికి ఎంత అవసరమో అంతే తీసివేత అందుతోంది. పైగా పక్కకు దొర్లే కదలికను పసిగట్టడం మాత్రం చెక్కుచెదరలేదు. మలుపులో ఒళ్లు ఒరిగినా తలను సమంగా ఉంచుకోవాలంటే ఆ సమాచారం కావాలి మరి. ఇంత పొదుపైన లెక్క అంత చిన్న తలలో ఉంటుందని నేనైతే ఊహించను.

2021లో ఇదే బృందం మరో తేడా పట్టుకుంది. ఈగ తనంతట తాను దారి మార్చుకునే మలుపుల్లోనే ఈ అణచివేత ఉంటుంది. దారి తప్పకుండా సర్దుకునే మలుపుల్లో ఉండదు.