మేలో మనాలీ వెళ్తే మంచు గ్యారంటీనా? అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే గవర్నర్‌పేటలో మా ట్రావెల్స్ ఆఫీసు ఫోను ఆగదు. పిల్లల పరీక్షలు అయిపోయాయి, బెజవాడ ఎండ తట్టుకోలేకపోతున్నాం, మనాలీకి ఎంతవుతుందండీ అని అడుగుతారు. నేను రేటు చెప్పేలోపే రెండో మాట వస్తుంది: "మంచు గ్యారంటీ కదా?" నార్త్ ట్రిప్పుల్లో మనవాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది ఈ మాట దగ్గరే. అందుకే ముందు దీని సంగతి చెప్తాను.

అపోహ: మనాలీలో ఎప్పుడు చూసినా మంచే.

కాదు. మనాలీ ఊరు సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉంది. ఊళ్లో మంచు పడేది డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ రోజుల్లో కూడా రోజూ పడదు. మే నెలలో పగటిపూట మాల్ రోడ్డు మీద మామూలు చొక్కాతో తిరగొచ్చు. చుట్టూ శిఖరాలు తెల్లగా కనిపిస్తాయి గానీ చేతికందవు. మేలో మంచు ముట్టుకోవాలంటే మామూలుగా 3,978 మీటర్ల ఎత్తున్న రోహ్‌తాంగ్ కనుమ దాకా ఎక్కాలి. మనాలీ నుంచి యాభై కిలోమీటర్ల దారి. చలికాలమంతా మూసే ఉంటుంది. సరిహద్దు రోడ్లు చూసే బీఆర్‌వో (బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్) వాళ్లు యంత్రాలతో మంచు కోసి దారి తీశాక, అధికారులు సరేనంటేనే టూరిస్టు బండ్లు వదులుతారు. ఏ తేదీకి తెరుస్తారన్నది ఆ ఏడాది మంచుని బట్టి ఉంటుంది. ఫలానా రోజున తీసుకెళ్తానని మార్చిలోనే మాటిచ్చేవాణ్ణి నమ్మకండి.

తెరిచాక కూడా పర్మిట్ ఉన్న బండే వెళ్లాలి. హరిత ట్రిబ్యునల్ ఆదేశాలతో రోజుకు 1,200 బండ్లకే పరిమితి పెట్టారు, పెట్రోలువి 800, డీజిలువి 400. మంగళవారం రోడ్డు పనుల కోసం మూస్తారు. ఢిల్లీ నుంచి మాట్లాడుకున్న కారు పైదాకా వస్తుందని లెక్కేసుకోవద్దు. మామూలుగా అక్కడి టాక్సీ కట్టుకోవాలి, ఆ కిరాయి వేరే. ప్యాకేజీ కాగితంలో రోహ్‌తాంగ్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. కింద చిన్నక్షరాల్లో "పర్మిట్ దొరికితే, అదనపు ఖర్చుతో" అని ఉంటుంది. ఆ లైను చదవకుండానే ఫోన్‌పేలో అడ్వాన్సు కొట్టేస్తున్నారు.

పోయిన వేసవిలో గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కుటుంబం చవగ్గా దొరికిందని ఆన్‌లైన్‌లో ఎక్కడో కట్టి వెళ్లింది. అక్కణ్ణుంచి ఆ అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, రోహ్‌తాంగ్ మంగళవారం పెట్టారు. ఇప్పుడు డ్రైవరు టన్నెల్ దాటించి ఇదే రోహ్‌తాంగ్ అంటున్నాడు, నిజమేనా?" దారిలో నంబరు బోర్డున్న షాపు దగ్గర ఆపి ఇంటిల్లిపాదికీ బొచ్చు కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిప్పించాడట. ఫొటో పంపాడు. టన్నెల్ అవతలి సిస్సూ ఊళ్లో చంద్రా నది ఒడ్డున ఫెళ్లున ఎండ, ఎక్కడా మంచు లేదు. వాళ్లమ్మగారు కోటు విప్పి మోచేతి మీద వేసుకుని నిలబడ్డారు. ఒక్కసారి మంచు ముట్టుకోవాలని ఆవిడ ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నారట. మర్నాడే తిరుగు ప్రయాణం కావడంతో నేను చేయగలిగింది లేకపోయింది. ఇలాంటి ఫోను వచ్చిన ప్రతిసారీ కడుపు రగిలిపోతుంది.

అటల్ టన్నెల్ రోహ్‌తాంగ్ కాదు. 2020 అక్టోబరు 3న ప్రారంభించిన ఈ 9.02 కిలోమీటర్ల సొరంగం కనుమ కింద నుంచి, దాదాపు 3,100 మీటర్ల ఎత్తులో పోతుంది. అంటే కనుమ ఇంకో ఎనిమిది, తొమ్మిది వందల మీటర్లు పైన ఉంది. టన్నెల్‌కి ఆ పర్మిట్ అక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చిలో వెళ్లేవాళ్లకి అవతలున్న సిస్సూ, కోక్సర్ బాగా పనికొస్తాయి, అప్పుడు అక్కడ మంచు ఉంటుంది. మంచే కావాలంటే సంక్రాంతి సెలవుల్లో వెళ్లండి. కాకపోతే గట్టిగా కురిస్తే దారి మూసేస్తారు. 2024 డిసెంబరులో మనాలీ దగ్గరి సోలాంగ్ లోయకీ, టన్నెల్‌కీ మధ్య వందల బండ్లు ఇరుక్కుపోయాయి. ఒకరోజు చేతిలో ఉంచుకుని టికెట్లు తీసుకోండి.

అపోహ: కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ అందుతుంది.

వాట్సాప్‌లో ఎవరు మొదలుపెట్టారో గానీ ఇది చావట్లేదు. కర్పూరం వల్ల ఆక్సిజన్ రవ్వంత కూడా పెరగదు. పైగా పసిపిల్లలు నోట్లో వేసుకుంటే ప్రమాదం. అమ్మానాన్నలకి బీపీ ఉంది, తీసుకెళ్లొచ్చా అని భయంభయంగా అడిగేవాళ్లకి నేను చెప్పేదిదే: మనాలీ ఎత్తు చాలామందికి ఇబ్బంది పెట్టదు. రోహ్‌తాంగ్ దాదాపు నాలుగు వేల మీటర్లు కాబట్టి అక్కడ జాగ్రత్త పడాలి. వెళ్లేముందు మీ డాక్టర్ని అడగండి. దిగిన రోజే పైకి పరుగెత్తకుండా మనాలీలో ఒకటి రెండు రాత్రులు పడుకోండి. పైన నెమ్మదిగా నడవండి. తలనొప్పి, వాంతి, ఆయాసం ముదిరితే చేయాల్సింది ఒక్కటే, వెంటనే కిందికి దిగడం. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు వద్దంటే పైకి వెళ్లొద్దు, సోలాంగ్ దాకా చూసి రావచ్చు.

అపోహ: మంచు లేకపోతే మనాలీలో చూసేదేముంది?

దేవదారు చెట్ల మధ్య 1553లో కట్టిన హిడింబాదేవి గుడి ఉంది, మన భారతంలో హిడింబే. వశిష్ఠ్‌లో వేడినీళ్ల గుండం ఉంది. నగ్గర్ కోట దగ్గర రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ ఇల్లుంది. ఆయన కొడుకు స్వెతొస్లావ్‌ని పెళ్లాడిన పాతతరం హిందీ సినిమా నటి దేవికారాణి మన వాల్తేరులో పుట్టిన మనిషే. అక్టోబరులో ఆకాశం తేటగా ఉంటుంది. ఇంద్రకీలాద్రి మీద మన దసరా విజయదశమితో ముగిస్తే, కుల్లూలో ఆ రోజే మొదలై వారం నడుస్తుంది. మనాలీ నుంచి హిడింబ దిగి వచ్చాకే ఉత్సవం మొదలవుతుంది.

అపోహ: జులైలో రేట్లు తక్కువ, అప్పుడెళ్దాం.

వానాకాలం. 2023 జులైలో బియాస్ నది పొంగి కుల్లూ-మనాలీ రోడ్డునే కోసేసింది. వద్దు.

అపోహ: పొద్దున్నే మనాలీలో బయల్దేరి సాయంత్రం ఢిల్లీలో ఫ్లైట్ ఎక్కేయొచ్చు.

ఐదు వందల పైచిలుకు కిలోమీటర్లు, అందులో సగం కొండదారి. వోల్వోకి పన్నెండు, పద్నాలుగు గంటలు పడుతుంది, కొండచరియ పడితే ఇంకెంతో. రాత్రి బస్సెక్కి పొద్దున ఢిల్లీలో దిగండి, గన్నవరం ఫ్లైటయినా విజయవాడ రైలయినా ఆ సాయంత్రానికో మర్నాటికో తీసుకోండి.