కంట్లో పెట్టిన లెన్సే మసకబారితే

శుక్లాల ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు చూపు మళ్లీ తగ్గితే చిత్తూరు వైపు పెద్దవాళ్లు "పొర మళ్లీ కమ్మింది" అంటారు. చాలాసార్లు అది నిజమే. ఆపరేషన్‌లో పెట్టిన కృత్రిమ లెన్స్‌ను పట్టి ఉంచే సహజమైన సంచి వెనక గోడ మసకబారుతుంది. యాగ్ లేజర్‌తో అక్కడ చిన్న రంధ్రం చేస్తే చూపు తేటపడుతుంది. అరుదుగా మాత్రం తప్పు లెన్స్‌దే.

1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ తొలి కృత్రిమ లెన్స్ అమర్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమానపు అక్రిలిక్ ముక్కలను కన్ను తట్టుకోవడం చూసి, ఆ రకం ప్లాస్టిక్కే ఎంచుకున్నాడు. ఆలోచన గొప్పదే కానీ లెన్స్ బరువెక్కువ, కొందరిలో జారిపోయింది. తర్వాత కంటిపాప ముందు అమర్చే రకాలొచ్చి ఎందరి కార్నియానో (కంటి ముందరి పారదర్శక పొరను) పాడుచేశాయి. అంచులు నునుపుగా లేని లెన్స్ ఐరిస్‌ను (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని) ఒరుసుకుని వాపు, రక్తస్రావం, కంటి ఒత్తిడి తెస్తుందని 1978లో తేల్చారు.

మడతపెట్టే లెన్సులతో కోత చిన్నదైంది, చిక్కు కొత్తదైంది. 1990ల చివర్లో హైడ్రోవ్యూ అనే లెన్స్ పైన కాల్షియం పేరుకుని చూపు మంచుపట్టినట్టయింది. ఆరా తీస్తే కారణం ప్యాకింగ్‌లోని సిలికోన్! డబ్బా మూత చేసిన పని అది. ఇలాంటి మసకకు లేజర్ పనిచేయదు, లెన్స్ మార్చాల్సిందే. పొర అనుకుని ముందే లేజర్ కొట్టేస్తే సంచికి రంధ్రం పడి, ఆ మార్పిడి మరింత కష్టమవుతుంది.

మన దగ్గర చాలాకాలం క్యాంపుల్లో శుక్లం తీసి సోడాబుడ్డి కళ్లద్దాలిచ్చి పంపేవారు. 1992లో మదురైలో ఆరోల్యాబ్ మొదలయ్యాక లెన్స్ ధర పేదవాడికి అందింది. లెన్సులు ఔషధ చట్టం కిందికి వచ్చింది 2005లో. పరికరాల వల్ల కలిగిన హానిని నమోదుచేసే జాతీయ కార్యక్రమం మొదలైంది 2015లో. అంటే అంతకుముందు లెన్స్ పెట్టించుకున్నవాళ్ల ఇబ్బందులు చాలావరకు ఏ లెక్కకూ ఎక్కలేదనే నా అనుమానం.

ఇక్కడివాళ్లలో కొందరు వేలూరులో ఆపరేషన్ చేయించుకుని, తర్వాతి చెకప్‌లకు తిరుపతిలోనే చూపించుకుంటారు. లెన్స్ కంపెనీ, పవర్, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్ డిశ్చార్జి కాగితం మీదే ఉంటుంది. అది లేకుండా వెళ్తే రెండో డాక్టరుకు కంట్లో ఉన్నది ఏ లెన్సో తెలిసే దారి దాదాపు లేదు.