పదిసార్లు రాయించినా తప్పులు ఎందుకు తగ్గవు?

మూడో తరగతి డిక్టేషన్ పుస్తకంలో ఒక పేజీని ఊహించుకోండి. టీచరు ‘చెట్టు’ అన్నారు, పిల్లవాడు ‘చెటు’ అని రాశాడు. ‘పుస్తకం’ కాస్తా ‘పుసకం’ అయింది, ‘కృష్ణ’ ‘కిషన’ అయింది. పక్కనే ఎర్ర సిరాతో ఆజ్ఞ: ఒక్కోటి పదిసార్లు రాయి. రాశాడు. పదీ తప్పు లేకుండానే ఉన్నాయి. వారం తిరిగేసరికి డిక్టేషన్‌లో మళ్లీ ‘చెటు’! ఇంట్లో వాళ్లు బద్ధకమంటారు, బడిలో అశ్రద్ధ అంటారు. కథలు చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లవాడు చదవమనేసరికి ఎందుకు నీరుగారిపోతున్నాడని అడిగేవాళ్లు తక్కువ. కారణం డిస్లెక్సియా కావచ్చు, అంటే తెలివి ఉన్నా చదవడం, తప్పులేకుండా రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం.

ఈ ప్రశ్న పాతదే. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఆంగ్ల వైద్యుడు పెర్సీ అనే పద్నాలుగేళ్ల బాలుడి గురించి రాశాడు. ఆటల్లో, లెక్కల్లో ఎవరికీ తీసిపోడు, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే చెప్పి ఉంటే బడి మొత్తంలో వీడే చురుకైనవాడయ్యేవాడని అతని ఉపాధ్యాయుడు అన్నాడట. మోర్గాన్ దాన్ని పుట్టుకతో వచ్చిన ‘పదాంధత్వం’ అన్నాడు, అంటే లోపం చూపు వైపు ఉందనుకున్నాడు. తర్వాతి పరిశోధనలు వేలును చెవి వైపు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే మాటలోని ధ్వనులను మెదడు విడదీసుకునే తీరు వైపు తిప్పాయి.

మాట్లాడటం పిల్లలకు దానంతటదే వస్తుంది. చదువు అలా రాదు. రాత పుట్టి అయిదు వేల ఏళ్లకు కాస్త పైన మాత్రమే. అందుకని దానికోసమే పుట్టిన భాగం మెదడులో లేదు. చూపు చూసుకునే భాగాన్ని, ధ్వనుల్ని చూసుకునే భాగాలను ప్రతి పిల్లవాడూ సాధనతో కలుపుకోవాలి. డిస్లెక్సియా ఉన్నవారిలో ఆ కలయిక నెమ్మదిగా, కష్టం మీద జరుగుతుంది. దీనికీ తెలివితేటలకూ సంబంధం లేదు. ఇది కుటుంబాల్లో వారసత్వంగా కనిపిస్తుంది కూడా. పిల్లవాణ్ని తిట్టే తండ్రి తన బడి రోజులను ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది.

తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి మన పిల్లలకు ఈ బెడద ఉండదని కొందరి నమ్మకం. అది సగమే నిజం. 2001లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇటలీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ దేశాల్లోని డిస్లెక్సియా ఉన్నవారిని పోల్చింది. పలికినట్టే రాసే ఇటాలియన్ భాషవారు మిగతావారికన్నా బాగా చదివారు. కానీ చదివేటప్పుడు ఎడమ మెదడులో కనిపించిన లోటు మూడు దేశాలవారిలోనూ ఒకటే. అలాంటి భాషల్లో ఇబ్బంది తప్పుల కంటే నత్తనడకగా బయటపడుతుంది, అందుకే ఎవరికీ పట్టదు. పైగా మన లిపికి దాని చిక్కులు దానికున్నాయి. ‘ద, ధ, థ’ మధ్య తేడా చిన్న గీతలోనో చుక్కలోనో ఉంటుంది. ‘కై’కి గుర్తు పైనా ఉంది, కిందా ఉంది. ‘క్ర’లో ముందు పలికేది ‘క’, కానీ ర వత్తు ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది. ఇంగ్లీషు మీడియంలో చేరిన పిల్లవాడు రెండు లిపులతో ఒకేసారి తలపడుతున్నాడని కూడా మరవకూడదు.

అందుకే ఇంపోజిషన్ పనిచేయదు. ఎదురుగా ఉన్న మాటను చూసి దించడానికి ధ్వనిని విడదీయనక్కర్లేదు, చెయ్యి అలసిపోతుందంతే. కావలసింది ఎక్కువ సాధన కాదు, వేరే రకం సాధన. అది పుస్తకం లేకుండానే మొదలవుతుంది. వంటింట్లో పనిచేసుకుంటూ తల్లి అడగవచ్చు: “‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగిలింది?” “లక.” “‘పాలు’లో ‘ప’ బదులు ‘క’ పెట్టు.” “కాలు.” “ఇప్పుడు ‘పాలు’ను ‘పూలు’ చెయ్యి, ఏం మారింది?” ఈ చివరిదే కష్టం, ఎందుకంటే అక్షరం లోపలి అచ్చును విడదీయాలి. నోటితో పట్టుబడ్డాక అదే మాటను బియ్యంలో వేలితో రాస్తూ, పైకి పలుకుతూ నేర్పాలి. వత్తుల్ని ఒకేసారి కుమ్మరించకూడదు. ‘అమ్మ, అక్క, అన్న’ లాంటి ద్విత్వాలు గట్టిపడ్డాకే ‘పుస్తకం’ జోలికి వెళ్లాలి. రోజూ పావుగంట చాలు, ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టడం దండగ.

చూపు, వినికిడి ఒకసారి పరీక్ష చేయించడం అవసరమే. రంగు కళ్లద్దాలకు, కంటి వ్యాయామాలకు మాత్రం డబ్బు తగలేయకండి. అవి డిస్లెక్సియాకు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికాలోని పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే కలిసి ప్రకటించాయి. జ్ఞాపకశక్తి టానిక్కుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

బడిలో మొదట ఆపాల్సింది అందరి ముందూ లేపి చదివించడం. తర్వాత, చదవలేకపోవడం సైన్సును మింగేయకుండా చూడాలి. కిరణజన్య సంయోగక్రియ పిల్లవాడికి అర్థమైందో లేదో నోటితో అడిగి తెలుసుకోవచ్చు. రాసిన జవాబులో వత్తు తప్పిందని సైన్సు మార్కు కోయడం అన్యాయం. రాతే కష్టమైన డిస్‌గ్రాఫియాకు, అంకెలు అంతుపట్టని డిస్‌కాల్‌క్యులియాకు మెలకువలు వేరు, కానీ ఈ న్యాయం ఒకటే.

ఇది టీచరు దయాదాక్షిణ్యం కూడా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాలను గుర్తించింది. పిల్లల్లో వాటిని వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన చర్యలు తీసుకోవాల్సిన బాధ్యతను విద్యాసంస్థల మీద పెట్టింది. ఆ వైకల్యం ఉందన్న ధ్రువపత్రం ఉంటే సీబీఎస్‌ఈ మూడు గంటల పరీక్షకు గంట అదనంగా ఇస్తుంది, పిల్లవాడు చెబుతుంటే రాసిపెట్టే స్క్రైబ్‌ను అనుమతిస్తుంది. అయితే కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆ పత్రానికి ఎనిమిదేళ్లు నిండాలన్నాయి. ‘పలక’లో ‘ప’ తీసెయ్యమని అడగడానికి మాత్రం ఏ పత్రమూ అక్కర్లేదు. అయిదేళ్లకే మొదలుపెట్టవచ్చు.